మెత్తని జంతువు, గట్టి ఆధారం: సెఫలోపాడ్ పరిశోధనలో చేతిపని
(సముద్ర జీవశాస్త్రం చదువుతున్న విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ రంగంలోకి వచ్చేవాళ్లలో చాలామంది ఆక్టోపస్ తెలివి చూసి ముచ్చటపడి వస్తారు. సీసా మూత తిప్పి లోపలున్న పీతను అందుకోవడం, కళ్ల ముందే రాతి రంగులోకి మారిపోవడం. ఆ ముచ్చట ఉండాల్సిందే. అది లేకపోతే ఫార్మలిన్ ఘాటు మధ్య పూటలకు పూటలు కూర్చోలేం. అయితే పరిశోధన మొదలయ్యేది తెలివి దగ్గర కాదు. చేతిలో ఉన్నది ఏ జాతి, దాని వయసెంత, అది ఏం తింటోంది, దాన్ని ఏది తింటోంది, ముందు తేలాల్సినవి ఇవి. ఇవి తేలకుండా ప్రవర్తన మీద రాసిన వ్యాసం ఎంత అందంగా ఉన్నా నేను నమ్మను.

వీటికి జవాబులు ఎందుకు అంత తేలిగ్గా దొరకవో చెబుతాను. ఇవాళ బతికున్న సెఫలోపాడ్ జాతులు సుమారు 800. స్క్విడ్‌లు, కటిల్‌ఫిష్‌లు, ఆక్టోపస్‌లు, ఒక్క వాంపైర్ స్క్విడ్, కొద్దిపాటి నాటిలస్‌లు. నాటిలస్‌లను పక్కన పెడితే మిగతావాటిలో చాలావరకు ఏడాది, మహా అయితే రెండేళ్లు బతుకుతాయి. ఒక్క కాన్పు కాలం, ఆ తర్వాత చావే. ఒంట్లో ఎముక లేదు, పొలుసు లేదు. చనిపోయిన కొద్ది గంటల్లో రంగు పోతుంది, చర్మం ఊడుతుంది, కొలతలు మారతాయి. ఆధారంగా మిగిలేవి కాసిన్ని గట్టి ముక్కలు: తలలో రెండు చిన్న రాళ్లు, నోట్లో చిలుక ముక్కు లాంటి ఒక గట్టి ముక్కు, కొన్నిటికి ఒంటి లోపల పెంకు అవశేషం. ఈ పనిలో నిలబడేవాళ్లంతా ఈ ముక్కల్ని పాడుచేయకుండా బయటికి తీయడం, నిజాయితీగా చదవడం నేర్చుకున్నవాళ్లే. అందుకే ఇవాళ సిద్ధాంతాల కంటే చేతిపని గురించి ఎక్కువ మాట్లాడతాను.

నమూనా పడవ మీదికి వచ్చిన మొదటి గంటతో మొదలుపెడదాం. చర్మం ఇంకా తడిగా, రంగు ఉండగానే పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయాలి. వీపు వైపు ఒకటి, పొట్ట వైపు ఒకటి, చూషకాల వరుసలు కనబడేలా ఇంకొకటి. తర్వాత తూకం. తర్వాత పొడవు. ఇక్కడ కొత్తవాళ్లు చేతుల చివరిదాకా కొలుస్తారు. ఆ అంకె ఎందుకూ పనికిరాదు, ఎందుకంటే చేతులూ టెంటకిల్స్ లాగినకొద్దీ సాగుతాయి. కొలవాల్సింది వీపు వైపు మాంటిల్ పొడవు. మాంటిల్ అంటే లోపలి అవయవాల్ని కప్పి ఉంచే కండ సంచి. స్క్విడ్‌లో మాంటిల్ ముందు అంచు నుంచి తోక కొసదాకా. ఆక్టోపస్‌లో ఆ అంచు తలతో కలిసిపోయి ఉంటుంది కాబట్టి రెండు కళ్ల మధ్య బిందువు నుంచి మాంటిల్ చివరిదాకా. తాజాగా కొలిచారా, ఐసులో ఉంచాక కొలిచారా, ఫార్మలిన్‌లో వేశాక కొలిచారా అన్నది అంకె పక్కనే రాయాలి. నిల్వ ద్రావణంలో ఒళ్లు కుంచించుకుపోతుంది. మూడు రకాల కొలతల్నీ ఒకే పట్టికలో కలిపేస్తే తర్వాత ఏ గణాంకం వేసినా బాగుపడదు.

ఆ తర్వాత చేతుల్ని ఒక్కొక్కటే చూడండి. వీపు వైపు నుంచి లెక్కపెడుతూ కుడివి నాలుగు, ఎడమవి నాలుగు. ఆక్టోపస్‌లలో చాలా జాతుల మగవాటికి కుడి మూడో చెయ్యి కొస మారి ఉంటుంది. స్పెర్మటోఫోర్లను, అంటే వీర్యకణాల పొట్లాలను, ఆడదానికి అందించేది ఆ చెయ్యే. దాన్నే హెక్టోకోటిలస్ అంటాం. ఆర్గోనాట్ అనే ఒక రకం ఆక్టోపస్ ఆడజీవి లోపల తెగిపడి ఉన్న ఇలాంటి చేతిని 19వ శతాబ్దంలో ఫ్రెంచ్ జంతు శాస్త్రవేత్త కువియే అంతటివాడు పరాన్నజీవి పురుగు అనుకొని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది. లింగం నిర్ధారించడానికి, జాతిని గుర్తించడానికి ఈ కొస ఆకారం, దాని పొడవు చాలా ముఖ్యం. తెగిపోయి మళ్లీ మొలుస్తున్న చెయ్యిని హెక్టోకోటిలస్ అనుకునే ప్రమాదం కూడా ఉంది. మొలుస్తున్న చెయ్యి కొసలో చూషకాలు చిన్నవైనా వరుసగా చివరిదాకా ఉంటాయి. హెక్టోకోటిలస్ కొసన చూషకాలు ఉండవు, చెంచా లాంటి నునుపైన భాగం ఉంటుంది.

ఇక నిల్వ. ఈ క్రమం తప్పితే నమూనా సగం పోయినట్టే. ముందుగా చేతి కొస నుంచో మాంటిల్ నుంచో చిన్న కండ ముక్క కోసి 95 శాతం ఇథనాల్‌లో వేయాలి, డీఎన్ఏ కోసం. ఆ తర్వాత తలలోని ఆ రెండు చిన్న రాళ్లు, అంటే స్టాటోలిత్‌లు, తీయాలి. ఈ రెండూ అయ్యాకే మిగతా దేహం 10 శాతం ఫార్మలిన్‌లోకి వెళ్లాలి. పెద్ద జంతువైతే పైన ముంచితే సరిపోదు, సిరంజితో లోపలికి ఎక్కించాలి. లేకపోతే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. ఫార్మలిన్ తన పని చేశాక నీళ్లలో బాగా కడిగి 70 శాతం ఇథనాల్‌కి మార్చాలి. తొందరపడి నేరుగా గాఢమైన ఇథనాల్‌లో వేస్తే ఒళ్లంతా ముడుచుకుపోయి చర్మం మీది బుడిపెలు గుర్తుపట్టలేం. అలాగని మొదటే ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ ముక్కలవుతుంది, ఫార్మలిన్ ఆమ్లగుణానికి స్టాటోలిత్ కరిగిపోతుంది. అది ఆరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్. ఆమ్లంలో ఆగదు.

డీఎన్ఏ మీద ఎందుకింత పట్టుదల అంటే, ఆక్టోపస్ వల్గారిస్ సంగతి చూడండి. చాలాకాలం దాన్ని ప్రపంచమంతా ఉన్న ఒకే జాతి అనుకున్నాం. తర్వాత తూర్పు ఆసియాది ఆక్టోపస్ సైనెన్సిస్‌గా, అమెరికా తీరాలది ఆక్టోపస్ అమెరికానస్‌గా విడిపోయాయి. బ్రెజిల్ నుంచి ఆక్టోపస్ ఇన్సులారిస్ అనే మరో జాతిని 2008లో వర్ణించారు. అంటే అంతకుముందు ఆ ప్రాంతాల నుంచి వల్గారిస్ పేరుతో అచ్చయిన పెరుగుదల, ఆహారం, గుడ్ల లెక్కలు నిజానికి దేనివి? కండ ముక్క దాచిపెట్టి, దేహాన్ని మ్యూజియంలో నంబరుతో భద్రపరిచినవాళ్ల లెక్కలు ఇప్పటికీ పనికొస్తాయి. మిగతావి అనుమానంలో పడ్డాయి. ఎప్పుడో ఒకరోజు మీ జాతి పేరు కూడా మారుతుంది. అప్పుడు మీ పనిని కాపాడేది కండ ముక్క దాచిన ఆ ఒక్క గొట్టమే.

ఇప్పుడు స్టాటోలిత్ దగ్గరికి వద్దాం. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే స్క్విడ్ వయసు గురించి మనకు తెలిసినదంతా దాదాపు ఈ ముక్క మీదే నిలబడి ఉంది.

తలలో మెదడు కింద, పుర్రె మృదులాస్థి వెనక భాగంలో స్టాటోసిస్ట్ అనే రెండు గదులు ఉంటాయి. జంతువుకు తన ఒరుగు, వేగం తెలిసేది వాటి వల్లే. ఒక్కో గదిలో ఒక్కో స్టాటోలిత్. పెద్ద స్క్విడ్‌లో కూడా అది ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించదు. తీయాలంటే స్క్విడ్‌ను పొట్ట పైకి ఉండేలా పడుకోబెట్టి గరాటును, అంటే అది నీళ్లు చిమ్మే గొట్టాన్ని, కోసి తీసేయాలి. కింద పాలిపోయిన మృదులాస్థి కనబడుతుంది. వెలుతురు సరిగా పడితే దాని లోంచి రెండు తెల్లని చుక్కలు కూడా కనిపిస్తాయి. స్కాల్పెల్‌ను అడ్డంగా పట్టి పైపొరను మాత్రమే పలుచగా చెక్కాలి. లోతుగా దిగితే స్టాటోలిత్ రెండు ముక్కలవుతుంది. సన్నమొన ఫోర్సెప్స్‌తో, రెక్క అని పిలిచే పలుచని భాగాన్ని పట్టుకొని బయటికి తీయాలి. వయసు లెక్కించే పెరుగుదల వలయాలు స్పష్టంగా ఉండేది డోమ్ అనే ఉబ్బెత్తు భాగంలో. అక్కడ పట్టి నొక్కితే చదవాల్సిన అంచే చిట్లిపోతుంది. శుభ్రమైన నీళ్లలో కడిగి, 96 శాతం ఇథనాల్ ఉన్న చిన్న గొట్టంలో వేయాలి. కుడి, ఎడమ వేర్వేరు గొట్టాల్లో. ఒకటి చదవడానికి, రెండోది సందేహం వస్తే మళ్లీ చూడడానికి, లేదా రసాయన విశ్లేషణకు.

తర్వాత అరగదీత. వేడికి మెత్తబడే పారదర్శక రెసిన్ చుక్కను స్లైడు మీద కరిగించి, స్టాటోలిత్‌ను పుటాకార వైపు పైకి ఉండేలా అందులో కూర్చోబెట్టాలి. గాలి బుడగ చిక్కితే అక్కడ మళ్లీ వేడిచేసి తీసేయాలి. బుడగ ఉన్నచోట రాపిడికి ఆధారం ఉండదు, ముక్క విరుగుతుంది. చల్లారాక 1200 గ్రిట్ ఎమెరీ కాగితాన్ని తడిపి దాని మీద రుద్దాలి. నాలుగైదు రుద్దులకొకసారి మైక్రోస్కోపు కిందికి తీసుకెళ్లి చూడాలి. కేంద్రం దగ్గరపడ్డాక కాగితం మానేసి, ఫెల్టు గుడ్డ మీద 0.05 మైక్రాన్ల అల్యూమినా పొడితో మెరుగుపెట్టాలి. చాలా జాతుల్లో ఒక వైపు చాలదు, రెసిన్ వేడిచేసి ముక్కను తిరగేసి రెండో వైపు కూడా అరగదీయాలి.

ఇందులో రెండే తప్పులు జరుగుతాయి, ఒకటి దిద్దుకోగలిగింది, ఒకటి దిద్దుకోలేనిది. తక్కువ అరగదీస్తే అంచు దగ్గరి వలయాలు ఒకదాని మీద ఒకటి పడి మసకగా ఉంటాయి. అది మరికాస్త రుద్దితే సర్దుకుంటుంది. ఎక్కువ అరగదీస్తే పొదిగిన రోజున పడిన వలయం మాయమవుతుంది. లెక్క మొదలుపెట్టాల్సింది ఆ వలయం నుంచే కాబట్టి ఇక ఆ ముక్కతో పనిలేదు.

లెక్కింపు 400 రెట్ల పెద్దదిగా చూస్తూ, కింది నుంచి వచ్చే వెలుతురులో. ఒక్కో వలయం వెడల్పు కొన్ని మైక్రాన్లే. ఒకే నమూనాను ఇద్దరు విడివిడిగా లెక్కించాలి. ఇద్దరికీ ఆ స్క్విడ్ ఎంత పెద్దదో, ఎప్పుడు దొరికిందో తెలియకూడదు. ఇది చాదస్తం కాదు. పెద్ద జంతువని తెలిస్తే మసక గీతలన్నీ వలయాలుగానే కనిపిస్తాయి, చిన్నదని తెలిస్తే కనబడవు. రెండు లెక్కల తేడా 10 శాతం దాటితే మళ్లీ లెక్కించాలి. అప్పుడూ కలవకపోతే ఆ నమూనాను పక్కన పెట్టేయాలి, సగటు తీసి లాగించకూడదు.

వలయం అంటే రోజు అని ఎలా చెప్పగలం? ఇది అడగాల్సిన ప్రశ్న. బతికున్న స్క్విడ్‌కు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇస్తే అది ఆ రోజు పేరుకుంటున్న పొరలో కలిసిపోయి, అతినీలలోహిత వెలుగులో మెరిసే గీతగా మిగులుతుంది. లెక్కపెట్టుకున్న రోజులు ట్యాంకులో పెంచి, ఆ గీత నుంచి అంచుదాకా వలయాలు చూడాలి. రోజులు, వలయాలు సరిపోలితే ఆ జాతికి ఆ పద్ధతి చెల్లుతుంది. కొన్ని స్క్విడ్ జాతుల్లో 1980లలోనే ఈ పరీక్ష చేసి చూశారు. అన్ని జాతుల్లోనూ చేయలేదు. చేయని జాతికి మరో జాతి ఫలితాన్ని అంటగడితే, ఆ మాట వ్యాసంలో స్పష్టంగా ఒప్పుకోవాలి.

దీనివల్ల తేలిందేమిటి? అంతకుముందు పొడవుల పట్టికలు చూసి వయసు ఊహించేవారు. వలలో పడినవాటి పొడవులు గ్రాఫు గీస్తే రెండు మూడు గుట్టలు వస్తాయి, ఒక్కో గుట్ట ఒక్కో ఏడాది సంతతి అనుకునేవారు. స్క్విడ్‌లు ఏడాది పొడవునా దఫదఫాలుగా గుడ్లు పెడతాయి, నెలల తేడాతో పుట్టినవే ఆ గుట్టలు. వలయాలు లెక్కించాక, రెండు మూడేళ్లు బతుకుతాయనుకున్న జాతులు చాలావాటికి ఆయుష్షు ఒక్క ఏడాదే అని బయటపడింది. వేట లెక్కలకు ఇది ప్రాణం లాంటి విషయం. చేపల్లో ఒక ఏడాది సంతతి దెబ్బతిన్నా పాత సంతతులు కాపు కాస్తాయి. స్క్విడ్‌కు ఆ నిల్వ లేదు. ఈ ఏడు పెద్దవన్నీ గుడ్లు పెట్టకముందే పట్టేస్తే వచ్చే ఏటికి ఏమీ ఉండదు.

ఆక్టోపస్‌కు ఈ దారి పనికిరాదు. స్టాటోలిత్ ఉంటుంది కానీ అందులో చదవగలిగే వలయాలు ఉండవు. దానికి రెండు ప్రత్యామ్నాయాలు. ఒకటి ముక్కు. పై ముక్కు పక్క గోడల లోపలి వైపు, లేదా కొసను నిలువుగా కోస్తే, సన్నని గీతలు కనిపిస్తాయి. చిక్కేమిటంటే కొస రోజూ పీత డిప్పల్ని కొరికి అరుగుతుంది, అందుకని కొస మీద లెక్కిస్తే వయసు తక్కువ వస్తుంది. రెండోది స్టైలెట్. పూర్వకాలపు పెంకులో మిగిలిన రెండు సన్నని కడ్డీలు మాంటిల్ కండలో, మొప్పల మొదలు దగ్గర దాగి ఉంటాయి. అడ్డంగా కోస్తే వలయాలు కనిపిస్తాయి. ఆక్టోపస్ పాలిడస్‌లో అవి రోజుకొకటి చొప్పున పడతాయని పరీక్షించి తేల్చారు. స్టైలెట్ గాలికి నిమిషాల్లో ఎండి వంకరపోతుంది, పగులుతుంది. తీసిన వెంటనే 70 శాతం ఇథనాల్‌లో పడాలి. కటిల్‌ఫిష్ పెంకు పొరల్ని మాత్రం వయసుకు వాడకండి. అక్కడి పొరలు ఉష్ణోగ్రతను బట్టీ ఆహారాన్ని బట్టీ పడతాయి, రోజుల్ని బట్టి కాదు.

ముక్కు వయసుకే కాదు, ఎవరు ఎవర్ని తింటున్నారో తెలియడానికి ఇంకా గొప్ప ఆధారం. చిలుక ముక్కు ఆకారం, కైటిన్‌తో ప్రోటీన్‌తో తయారైంది. జంతువుల కడుపులో కండంతా కరిగిపోయినా ఇది కరగదు. స్పెర్మ్ వేల్ అనే తిమింగలం కడుపుల్లోంచి వచ్చిన ముక్కుల మీద మాల్కమ్ క్లార్క్ చేసిన పని, 1986లో ఆయన కూర్చిన గుర్తింపు గ్రంథం, ఇప్పటికీ ఈ పనికి పునాది. గుర్తింపుకు కింది ముక్కు మాత్రమే నమ్మదగినది. దాని కొస పొడవును వెర్నియర్‌తో పదో వంతు మిల్లీమీటరు దాకా కొలిచి, జాతిని బట్టి సమీకరణంలో వేస్తే ఆ స్క్విడ్ మాంటిల్ పొడవు, బరువు అంచనాకు వస్తాయి. ముక్కుల్ని ఎండనివ్వకూడదు, ఎండితే రెక్కలు ముడుచుకొని కొలత తప్పుతుంది. 70 శాతం ఇథనాల్‌లోనే ఉంచాలి.

ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. చేప ఎముకలు త్వరగా కరిగి పోతాయి, ముక్కులు రోజుల తరబడి కడుపులో పోగుపడతాయి. కడుపులో దొరికినవి లెక్కపెట్టి, ఇది స్క్విడ్‌లే ఎక్కువ తింటుంది అనేస్తే సగం అబద్ధమవుతుంది. ఇంకా కండ అంటుకొని ఉన్న తాజా ముక్కుల్ని విడిగా లెక్కించండి.

ముక్కుల బలం ఎంతదో కొలోసల్ స్క్విడ్ చెబుతుంది. 1925లో రాబ్సన్ దాన్ని వర్ణించింది స్పెర్మ్ వేల్ కడుపులో దొరికిన చేతి ముక్కల్ని చూసి. 2007లో అంటార్కిటికా దగ్గరి రాస్ సముద్రంలో పట్టుబడ్డ ఒక జంతువు 495 కిలోలు తూగింది. అంతకంటే పెద్ద ముక్కులు వేల్ కడుపుల్లో దొరికాయి కాబట్టి, అంతకంటే పెద్దవి ఉన్నాయని చూడకుండానే చెప్పగలుగుతున్నాం. ఆ జాతి తన సొంత లోతుల్లో సజీవంగా కెమెరాకు చిక్కినట్టు ధ్రువపడింది 2025లో, అదీ 30 సెంటీమీటర్ల పిల్ల. వందేళ్ల పాటు ఆ జంతువు గురించిన జ్ఞానంలో పెద్ద వాటా ఇతర జంతువుల కడుపుల్లోంచి వచ్చింది.

ఇక బతికున్న జంతువు. ట్యాంకులో ఆక్టోపస్‌ను చంపేవాటిలో మొదటిది రాగి. దాని రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయానిన్‌లో రాగి ఉంటుంది, అందుకే రక్తం నీలం. కానీ నీళ్లలో కరిగిన రాగి దానికి విషం. ఇత్తడి కవాటం, రాగి గొట్టం ఎక్కడా ఉండకూడదు. ఇంతకుముందు చేపలకు రాగి మందు వేసిన ట్యాంకును ఎంత కడిగినా వాడకండి. లవణీయత వెయ్యికి 35 దగ్గర స్థిరంగా ఉండాలి. పీహెచ్ 7.9 నుంచి 8.3. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలో దాదాపు కనబడకూడదు. ఆక్టోపస్ తినేది ఎక్కువ, విసర్జించేదీ ఎక్కువ. అదే బరువున్న చేపకు సరిపోయే ఫిల్టరు దీనికి చాలదు. బ్యాక్టీరియా ఫిల్టరు పూర్తిగా పండాకే, అంటే మలినాల్ని తినే బ్యాక్టీరియా అందులో బాగా స్థిరపడ్డాకే, జంతువును తేవాలి. వల్గారిస్‌కు 18 నుంచి 22 డిగ్రీలు బాగుంటుంది. వేడి పెరిగితే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి: నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఒంటికి కావాల్సిన ఆక్సిజన్ పెరుగుతుంది.

సిరా వదిలితే ఆలస్యం చేయకూడదు. చిన్న ట్యాంకులో అది మొప్పలకు పట్టి ఊపిరి ఆడనివ్వదు. నీళ్లు మార్చడం, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టడం, నురుగుతో మలినాల్ని తీసే ప్రోటీన్ స్కిమ్మర్ నడపడం వెంటనే జరగాలి. మూత బరువుగా, గట్టిగా బిగిసి ఉండాలి. ముక్కు దూరిన ప్రతి సందులోనూ ఆక్టోపస్ మొత్తం దూరుతుంది, ఎందుకంటే ఒంట్లో నొక్కుకుపోని గట్టి భాగం దాదాపు అదే. ట్యాంకు పై అంచు చుట్టూ ప్లాస్టిక్ గడ్డి పట్టీ అంటిస్తే చూషకాలకు పట్టు దొరకదు. నీళ్లు పీల్చే గొట్టం నోటికి జల్లెడ తప్పనిసరి. దాక్కోవడానికి ఒక గూడు ఇవ్వాలి. గూడు లేని ఆక్టోపస్ తిండి మానేస్తుంది. ఒక్కో ట్యాంకుకు ఒక్కటే, లేకపోతే ఒకదాన్ని ఒకటి తింటాయి.

స్క్విడ్ కష్టం వేరు. దానికి గోడ అంటే ఏమిటో తెలియదు. మూలలున్న ట్యాంకులో గుద్దుకొని రెక్కల చర్మం చీరుకుంటుంది, ఆ పుండులోకి విబ్రియో బ్యాక్టీరియా చేరుతుంది, రోజుల్లో చనిపోతుంది. గుండ్రని, వెడల్పైన ట్యాంకు ఉండాలి. గోడలు దానికి కనబడేలా ముదురు గీతలు వేయాలి. పట్టేటప్పుడు వలతో తోడకూడదు, నీళ్లతో పాటు బకెట్లోకి తీసుకోవాలి.

కోత ఏదైనా చేయాల్సి వస్తే మత్తు సరిగా ఇవ్వడం మన బాధ్యత, చట్టం కూడా. ఐరోపా సమాఖ్య 2010లో తెచ్చిన ప్రయోగ జంతువుల ఆదేశం బతికున్న సెఫలోపాడ్‌లన్నిటికీ వర్తిస్తుంది. వెన్నెముక లేని జంతువుల్లో అందులో చోటు దొరికింది వీటికే. చట్టం లేని చోట కూడా ఆ ప్రమాణం పాటించాలన్నది నా అభిప్రాయం. ఎక్కువగా వాడేది మెగ్నీషియం క్లోరైడ్. నీటి అణువులతో కూడిన హెక్సాహైడ్రేట్ రూపం 75 గ్రాములు లీటరు స్వేదన జలంలో కరిగించి, దాన్ని అంతే సముద్రపు నీటితో కలపాలి. నేరుగా సముద్రపు నీటిలోనే పొడి వేస్తే ద్రావణం గాఢత పెరిగి ఒంట్లోని నీరు బయటికి లాగుతుంది, జంతువు విలవిల్లాడుతుంది. డబ్బా మూత తీసి ఉంచితే ఆ పొడి గాలిలో తేమ పీల్చుకుంటుంది, అప్పుడు 75 గ్రాములు తూచినా అందులో నీరే ఎక్కువ. మత్తు చాలక జంతువు మధ్యలో కదలడానికి ఇది ఒక మామూలు కారణం. ద్రావణం ట్యాంకు ఉష్ణోగ్రతలోనే ఉండాలి, గాలి బుడగలు ఆడుతూ ఉండాలి.

మత్తు ఎక్కిందని ఎలా తెలుస్తుంది? ఒళ్లు తెల్లబడుతుంది, మాంటిల్ కదలిక నెమ్మదిస్తుంది, చూషకాలు వేలిని పట్టుకోవు, గిల్లినా చెయ్యి వెనక్కి లాక్కోదు. ఇది కండరాల సడలింపేనా, నొప్పి నిజంగా ఆగుతోందా అన్న అనుమానం చాలాకాలం ఉండేది. 2018లో నరాల సంకేతాల్ని నేరుగా నమోదు చేసి చూస్తే మెగ్నీషియం క్లోరైడ్, ఇథనాల్ రెండూ లోపలికి వెళ్లే సంకేతాల్ని కూడా ఆపుతున్నాయని తేలింది. పని అయ్యాక మంచి సముద్రపు నీటిలోకి మార్చి, మాంటిల్‌ను మెల్లగా నొక్కి వదులుతూ మొప్పల మీదుగా నీరు ఆడించాలి, తానుగా ఊపిరి తీసుకునేదాకా.

ప్రవర్తన ప్రయోగాల గురించి ఒక్క హెచ్చరిక చేసి ముందుకు పోతాను. ఆక్టోపస్ ఒంట్లో సుమారు 50 కోట్ల న్యూరాన్లు ఉన్నాయి, అందులో మూడింట రెండొంతులు చేతుల్లోనే. చూషకాలు రుచి చూస్తాయి. పీత పెట్టిన డబ్బాను అది కంటితో గుర్తుపట్టిందా, నీళ్లలో కలిసిన రసం ద్వారా గుర్తుపట్టిందా అన్నది విడదీయకపోతే ఆ ప్రయోగానికి అర్థం లేదు. ఖాళీ డబ్బాకు కూడా పీత నీళ్లు పూయాలి. పరిశోధకుడు దానికి కనబడకుండా తెర కట్టాలి. గుడ్లు పెట్టిన ఆడదాన్ని ప్రయోగంలోకి తీసుకోకూడదు, అది తిండి మానేస్తుంది కాబట్టి ఆహార బహుమతికి విలువ ఉండదు. ఆ మానేయడం వెనక ఉన్నది కళ్ల దగ్గర ఉండే ఆప్టిక్ గ్రంథి. 1977లో వోడిన్‌స్కీ అనే పరిశోధకుడు ఆ గ్రంథుల్ని తొలగిస్తే తల్లులు గుడ్లు వదిలేసి మళ్లీ తిన్నాయి, ఎక్కువకాలం బతికాయి. మరో కొసన గ్రానెలిడోన్ అనే లోతు సముద్రపు ఆక్టోపస్ ఉంది. కాలిఫోర్నియా తీరంలోని మాంటెరే సముద్ర లోయ లోతుల్లో ఒక తల్లి 53 నెలల పాటు అదే రాతి మీద గుడ్లు కాచుకుంటూ కనిపించింది.

ఇక నరాల శాస్త్రానికి ఈ జంతువులు ఇచ్చినదాని గురించి అందరికీ తెలిసిందే. 1936లో జె.జెడ్. యంగ్ స్క్విడ్‌లోని పెద్ద ఆక్సాన్‌ను, అంటే సంకేతాలు మోసే పొడవైన నరపు పోగును, గుర్తించాడు, హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దానిలో ఎలక్ట్రోడు పెట్టి నరం ఎలా పనిచేస్తుందో చెప్పారు, 1963లో నోబెల్ వచ్చింది. మీరు గమనించాల్సింది ఇంకొకటి. ఆ పని ప్లిమత్, వుడ్స్ హోల్ లాంటి తీర ప్రయోగశాలల్లో జరిగింది, ఎందుకంటే తాజా స్క్విడ్ లేనిదే ఆ ఆక్సాన్ లేదు. ఈ రంగంలో చోటు ఎంచుకునేటప్పుడు యంత్రాల కంటే ముందు, జంతువు సజీవంగా ఎంత దూరం నుంచి రావాలో చూడండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: కొత్తగా మొదలుపెట్టే ప్రయోగశాల ఏ జంతువుతో మొదలుపెడితే మంచిదండీ? ఆక్టోపసా, స్క్విడా?

రెండూ కాదమ్మా, కటిల్‌ఫిష్. వల్గారిస్ గుడ్లు లక్షల్లో పెడుతుంది కానీ పిల్లలు రెండు మూడు మిల్లీమీటర్లు ఉండి నెలల తరబడి నీళ్లలో తేలుతూ బతకాలి. నేలకు దిగే దశలోపే చాలావరకు పోతాయి. స్క్విడ్‌కు పెద్ద ట్యాంకు కావాలని చెప్పాను. కటిల్‌ఫిష్ జాతి సెపియా అఫిసినాలిస్ పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పటికే చిన్న సైజు పెద్దదానిలా ఉంటుంది, అడుగున కుదురుగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర గుడ్లు 40 నుంచి 45 రోజుల్లో పొదుగుతాయి, 15 డిగ్రీల్లో దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. అంటే మీకు కావాల్సిన వారానికి పిల్లలు వచ్చేలా ఉష్ణోగ్రతతో సర్దుకోవచ్చు. గుత్తిగా వచ్చిన గుడ్లను విడదీసి నీళ్లు అన్ని వైపులా ఆడేలా వేలాడదీయండి, గుత్తి మధ్యలో ఉన్నవాటికి ఆక్సిజన్ అందక ఆలస్యమవుతాయి.

ప్రశ్న: పిల్లలకు ఆహారం ఏమిటి?

ఇక్కడే చాలామంది ఓడిపోతారు. తొలి వారాల్లో కదిలే ఆహారాన్నే పడతాయి, అదీ బతికున్న మైసిడ్ రొయ్యలే అన్నిటికంటే బాగా సరిపోతాయి. ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్యలతో కొన్నాళ్లు బతుకుతాయి కానీ సరిగా పెరగవు, వాటిలో కావాల్సిన కొవ్వు ఆమ్లాలు చాలవు. చచ్చిన, గడ్డకట్టిన రొయ్య ముక్కల్ని అలవాటు చేయడం నెల దాటాకే, అదీ దారానికి కట్టి కదిలిస్తూ. కాబట్టి గుడ్లు తెప్పించుకోకముందే మైసిడ్‌ల ట్యాంకు నడపడం మొదలుపెట్టండి. అవి ఒకదాన్ని ఒకటి తింటాయి, పిల్లల్ని రోజూ వేరుచేయాలి. ఆ ట్యాంకు మీ చేతిలో రెండు నెలలు తెగకుండా నడిచాక గుడ్లకు రాయండి.